బెజ్జం

వన్‌టౌన్‌లో నా కొట్టు ఐదడుగుల వెడల్పు.
ఒంటిగంట దాటినా బోణీ లేదు.
అప్పుడొచ్చింది మ్వానాయిది,
వడ్డేశ్వరంలో ఫార్మసీ చదివే పిల్ల.
ఆమె తెలుగు "అన్నా" దగ్గర మొదలై
"తగ్గించు" దగ్గర ఆగుతుంది.
బేరానికి అంతకు మించి అక్కర్లేదు.

ఈసారి కొనడానికి రాలేదు.
మాత్రల పొట్లం విప్పి
ఒక పూస నా అరచేతిలో పెట్టింది.
ఆవగింజ కంటే కాస్త పెద్దది, ఇటుక రంగు.
వాన వెలిశాక వాళ్ళ పాడుబడ్డ ఊళ్ళో
ఇసక మీద తేలతాయట ఇలాంటివి.
ఊరి పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు.
"ఇది మీదేనా?"

మీది అంటే ఎవరిది?
నాదా, మా నాన్న తాటయ్యదా,
ఏ కాలంలోనో ఏ రేవు పక్కనో
గాజు కాచిన పేరు లేనివాడిదా?

పూసల డబ్బాకి ఆనించి ఫోను నిలబెట్టింది.
అవతల తమ్ముడు, షబాని.
అక్కడప్పుడు పదకొండు.
పదకొండు కాదు, ఐదు అంటుంది తను.
పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కట వాళ్ళకి,
మా తాతమ్మ జాములు ఎంచినట్టు.

షబాని నడుస్తుంటే ఊరంతా ఊగుతోంది.
పగడపు రాతి గోడలు,
కప్పు కూలిన మసీదు,
కమాను కింద ఒక మేక,
అద్దె కట్టినదానిలా దర్జాగా.
లోపలి గది గోడ నిండా చిన్న చిన్న గూళ్ళు.
దీపాలకా అన్నాను.
చీనా గిన్నెలకి అంది,
వచ్చినవాళ్ళు చూసి కుళ్ళుకోవడానికి.
మన బాపతే, అనుకున్నాను.

సిగ్నల్ పోయి గోడ గళ్ళుగళ్ళుగా ఆగిపోయింది.
మళ్ళీ కదిలేసరికి బావి.
నీళ్ళున్నాయింకా. షబాని రాయి వేశాడు.
చప్పుడు నా కొట్లో పడింది.

అప్పుడడిగాను, కొట్టువాణ్ణి కదా,
"అంగళ్ళు ఎక్కడ బాబూ?"
అక్కాతమ్ముళ్ళు వాళ్ళ భాషలో కాసేపు గింజుకున్నారు.
ఫోను అటు తిప్పాడు:
ముళ్ళకంప, ఎర్రనేల, దూరంగా సముద్రం ముక్క.
ఇక్కడే ఎక్కడోనట.
ఇళ్ళు రాయి, మసీదు రాయి, సమాధులు రాయి,
కొట్లు మాత్రం కర్రా ఆకూ చాపా అయ్యుంటాయట.
కొన్నవాడి గూళ్ళు మిగిలాయి.
అమ్మినవాడు కూచున్న చోటు లేదు.

నా షట్టరు వంక ఒకసారి చూసుకున్నాను.
అద్దె పదిహేను రోజులు ఆలస్యం.

సరే, పూస సంగతి తేల్చాలి.
బల్బు కింద తిప్పి తిప్పి చూశాను.
నిలువునా సన్న గీతలు,
గాజు గొట్టం సాగదీసి కోసిన పనితనం,
మా నాన్న చెప్పే పాత పద్ధతి.
కానీ ఆ పద్ధతి ఎన్ని ఊళ్ళు నేర్చాయో.
మాదే అనొచ్చు, పోయేదేముంది.
గాజుముక్కని కెంపని అమ్మిన నోరే ఇది,
దీనికి మాత్రం పెగల్లేదు.
"తెలీదమ్మా" అన్నాను.

"పోనీ గుచ్చి ఇవ్వు, అన్నా."
నా సూదులేవీ దూరలేదు.
వెంట్రుకైతే పడుతుంది, నా నెత్తిన అవి లేవు.
పక్కన పూలమ్మే సుగుణమ్మని అడిగితే
నాలుగు తిట్టి, ఒకటి పీకి ఇచ్చింది,
తెల్లది, మూరెడు.
అది దూరుతుంటే బెజ్జంలోంచి
ఇసక రేణువొకటి తక్కెడ పళ్ళెంలో రాలింది.
ముల్లు కదల్లేదు.

వెంట్రుక తోకకి పట్టుదారం ముడేసి లాగాను.
"కూలి?"
"ఇరవై."
"పది. తగ్గించు."
పదికే బోణీ. కళ్ళకద్దుకున్నాను.

ఆమె వెళ్ళాక బండల సందుల్లోకి వంగి చూశాను.
మా నాన్న జార్చినవి, నేను జార్చినవి,
పుల్లతో కెలికితే ఇంకా లోపలికి పోయేవి.
ఇవాళ పుల్ల తియ్యలేదు.
నల్లపూసలున్నాయా అని ఎవరో అడుగుతున్నారు,
రెండోసారి.